ఓడిపోయే ఆటలో నాతో మిగిలిన మనిషి

మేముండే హిందీవాళ్ల ఊళ్లో, బట్టల కొట్లుండే పండరీ బజారు నుంచి వస్తూ స్కూటీ మీంచి పడ్డాను. కుడికాలు విరిగింది. నర్సుగా పొద్దస్తమానం వార్డులో తిరిగే నేను ఒక్కసారిగా మంచానికి అతుక్కుపోయాను. ఏమీ తోచడం లేదని గొడవ పెడుతుంటే తమ్ముడు నా ఫోన్లో ఒక ఆట వేసిపెట్టాడు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. మన కోట కాపాడుకుంటూ అవతలివాళ్ల కోట పడగొట్టాలి. జట్టులో ఎవరు ఎక్కడివాళ్లో తెలియదు. మైకు పెడితే గొంతులు మాత్రం వినిపిస్తాయి.

నాకు ఆట బొత్తిగా వచ్చేది కాదు. కాస్త ఓడిపోతున్నామనిపిస్తే చాలు, ఎవరో ఒకరు హిందీలో విసుక్కుని మధ్యలోనే వెళ్లిపోయేవారు. వాళ్ల బదులు కొత్తవాళ్లు రారు. దాంతో మిగతావాళ్లూ ఆశ వదిలేసుకునేవారు.

ఒక మధ్యాహ్నం అలాగే ముగ్గురు వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఛీ, నేనూ పోతా" అని తెలుగులోనే అనేశాను.

"దీదీ, మత్ జాఓ. మైఁ హూఁ నా" అంది ఒక ఆడగొంతు. వెళ్లొద్దు, నేనున్నానుగా అని. భాష తెలియకపోయినా నా గొంతులోని విసుగు ఆమెకు తెలిసిపోయినట్టుంది. వెనక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

ఇద్దరమే ఆడాం. కోట వెనక నిలబడమని, తను పిలిచినప్పుడే ముందుకు రమ్మని చెబుతూ నన్ను నడిపించింది. చివరికి మా కోట కూలిపోయింది. ఇద్దరికీ నవ్వాగలేదు.

వంటింట్లోంచి అమ్మ, "గెలిచావేంటే?" అంది.

"లేదమ్మా, ఓడిపోయాం."

"మరి ఆ నవ్వేంటే? పాగల్ అయిపోయావా?"

ఆమె ఊరు తిల్దా, మాకు దగ్గర్లోనే. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, తీరిక దొరికినప్పుడు ఆడుతుంది. ఆ తరువాత రోజూ కలిసే ఆడాం.

కట్టు విప్పాక కాలు నేలమీద మోపాలంటే భయమేసింది. ఎంతమంది రోగులనో నడిపించాను, నా వంతు వచ్చేసరికి వాకర్ గోడకే ఆనించి ఉండిపోయింది. అప్పుడొకసారి ఆమె గుడ్డ కొనడానికి పండరీ వచ్చి, నేను ఆటలో చెప్పిన అడ్రసు కనుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. "దీదీ" అని పిలవగానే గుర్తుపట్టాను. కాసేపు కూర్చుని, వాకర్ వంకా నా వంకా చూసింది.

"చలో దీదీ, గలీ తక్."

సందు చివరిదాకా నడవాలట. నేను లేవలేనన్నాను. ఆమె బతిమాలలేదు, వాకర్ తెచ్చి ముందు పెట్టి నా పక్కన నిలబడింది. లేచాను. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా సందు చివరిదాకా వెళ్లాను. అక్కడి టీ కొట్టు బల్లమీద ఇద్దరం కూర్చున్నాం. తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కళ్లు తుడుచుకుంటోంది. "దేవుడే పంపించాడే ఈ పిల్లని" అని నాతో అని, ఆమెకు చేపల పులుసుతో అన్నం పెట్టింది.

ఇప్పుడు నేను మళ్లీ డ్యూటీకి వెళుతున్నాను, ఆట మానేశాను. ఆమె మాత్రం పండరీ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తినే వెళుతుంది. వస్తున్నానని ముందు ఫోను చేసేది నాకు కాదు, అమ్మకి.