ముట్టుకున్నందున

మా వీధి మోటారు మేస్త్రీ గారు పోయారు. మొన్న మంగళవారం మధ్యాహ్నం షెడ్డులో ఒక లారీ కింద నుంచి ఇవతలికి వచ్చి, మంచినీళ్లు అడిగి, నీళ్లు వచ్చేలోగా పోయారు. ఆ కబురు నాకు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద, ఒక మామిడితోట దస్తావేజు రాస్తుండగా అందింది. నేను రాస్తున్న వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టి, అప్పుడు లేచాను. పాతికేళ్ల అలవాటు. షెడ్డుకు వెళ్లే దారంతా ఆ చుక్క గురించే నన్ను నేను తిట్టుకున్నాను.

నూజివీడులో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. ఏటా ఎండాకాలం మన మామిడికాయను బెజవాడ చేర్చిన లారీల్లో సగం ఆయన చేతి కింద బతికినవే. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. చూసినవాళ్లు చదువుకున్నవాడనుకునేవారు. నిజానికి ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు. ఆ పెన్సిలు ఇనుము మీద గీతలు పెట్టుకోవడానికి. విప్పిన మరలన్నీ కొబ్బరి చిప్పల్లో వేసి, ఏ బండి చిప్ప ఆ బండి పక్కనే పెట్టుకునేవారు. ఎవరైనా వచ్చి బండిలో ఏదో చప్పుడొస్తోందంటే, ముందు వాళ్ల చెయ్యి పట్టుకుని ఇంజను మీద పెట్టించేవారు. "నేను చెప్పడం దేనికండీ, మీ చేతికే తెలుస్తుంది" అనేవారు. తెలిసేది కాదనుకోండి, అయినా అందరం తెలిసినట్టు తలూపేవాళ్లం.

నేను ఆయన పక్క వాటాలో పద్నాలుగేళ్లు ఉన్నాను. మా ఆవిడ పురిటి సమయంలో ఒకరి లారీ ఆగమేఘాల మీద బాగుచేసి, తనే నడిపి ఆసుపత్రికి చేర్చిన మనిషి. ఆయన మంచివారని రాసి నేను ఊరుకోవచ్చు. కానీ ఈ ఊళ్లో ఆయన మీద ఒక మాట ఉంది. అర్జీ కాగితం పెట్టి పందెం కప్పు గెలిచాడని, ఒక కామందు గారి అబ్బాయి చావుకు ఆ కాగితమే కారణమని. రెండో సగం నిజం. అయితే ఆ కాగితం ఆయనది కాదు, నాది. ఆయన బతికుండగా ఆ సంగతి నలుగురిలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పదేళ్ల కిందట మన చుట్టుపక్కల ఎండాకాలంలో మోటారు సైకిలు పందేలు జరిగేవి. చింతలపూడిలో ఒకటి, చాట్రాయిలో ఒకటి, చివరిది ఆగిరిపల్లి అవతల ఎండిపోయిన చెరువులో. మూడింటి మీదా కలిపి ఎక్కువ మార్కులు వచ్చినవాడు ఆ ఏటికి చాంపియను. బండ్లు పట్టుమని పది ఉండేవి కావు. అన్నీ కామందుల ఇళ్ల బండ్లే, ఒక్క మేస్త్రీ గారిది తప్ప. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు అమ్మేసిన తుక్కులోంచి ముక్క ముక్క ఏరి ఆయన తయారుచేసుకున్న బండి అది. మిగిలిన బండ్లను బాగుచేసి పంపేదీ ఆయనే. "ఒక్క నట్టు వదులుగా వదిలేస్తే కప్పు మీదే కదా" అని ఒకడు వేళాకోళమాడితే వారం రోజులు వాడి మొహం చూడలేదు.

ఒక ఏడు ఒకాయన బండి గట్టెక్కలేక ఆగిపోతే, ఆయన పాలేళ్లు నలుగురు పరుగున వచ్చి తోసి ఎక్కించారు. మేస్త్రీ గారికి పాలేళ్లెక్కడి నుంచి వస్తారు? అందుకని పందేల కమిటీ ఒక రూలు పెట్టింది. పరుగు మధ్యలో పరసహాయం పొందరాదు. మంచి రూలే. వెనక ఎవరూ లేనివాడి కోసం పెట్టిన రూలు అది.

ఆ మరుసటి ఏడు ఆగిరిపల్లి పందేనికి వచ్చేసరికి మేస్త్రీ గారు, కామందు గారి అబ్బాయి మార్కుల్లో సమానంగా ఉన్నారు. చెరువు అవతలి మలుపులో అబ్బాయి పడ్డాడు. బండి కాలి మీద పడింది. పక్క తోటలో కాయ కోస్తున్న నాగులు అనే కూలీ, చేతిలో చిక్కం కర్ర అవతల పారేసి వచ్చి, బండి లేపి నిలబెట్టాడు. అబ్బాయి మళ్లీ ఎక్కి, మేస్త్రీ గారి కంటే నాలుగు బారల ముందు గీత దాటాడు. జనం ఈలలు వేశారు, కప్పు ఇచ్చారు, అయిపోయింది.

నేను అవనివ్వలేదు.

"ఇది రూలుకు విరుద్ధం మేస్త్రీ గారూ. అర్జీ పెడదాం" అన్నాను.

"ఎందుకులెండి రైటరు గారూ. కుర్రాడి కాలు ఇరుక్కుంది, వాడెవడో వచ్చి లేపాడు. అందరి కళ్ల ముందే నెగ్గాడు కదా."

"ఆ రూలు పెట్టింది మీలాంటివాళ్ల కోసమే. మీరే వదిలేస్తే ఇంకెవరి కోసమండీ?"

ఆ మాటకు ఆయన మెత్తబడ్డారు. కలం సిరాలో ముంచినంత సేపు కూడా ఆలోచించనివ్వకుండా నేను కాగితం తీశాను.

రూల్లో ఉన్న మాట 'పరసహాయం'. నాకది చప్పగా కనిపించింది. కమిటీలో ఉన్నవాళ్లంతా కామందులే, వాళ్లను కుర్చీల్లోంచి లేపాలంటే ఏ మాట పనిచేస్తుందో నాకు తెలుసు. లేపింది ఒక్కడే అయినా, 'తోట కూలీలు బండిని ముట్టుకున్నందున సదరు పందెము చెల్లదు' అని రాశాను. ముట్టుకున్నందున అనే మాట కింద గీత కూడా గీశాను. తెలిసే గీశాను. ఆ రోజుల్లో మన ఊళ్లల్లో ఆ మాట వినగానే ఎవరికి ఏం గుర్తొస్తుందో తెలియనంత పసివాణ్ణి కాదు.

అర్జీ నెగ్గింది. తర్వాతి వారం ఆగిరిపల్లిలో పందిరి వేసి, కమిటీ ఆయన నా వాక్యాన్ని ఉన్నదున్నట్టు మైకులో చదివి, కప్పు మేస్త్రీ గారి చేతిలో పెట్టాడు. నా వాక్యం మైకులో వినపడుతుంటే నాకు గర్వంగా ఉండింది. దిగి వస్తుంటే పందిరి బయట నాగులు ఆపాడు.

"మేం ముట్టుకుంటే బండికేవవుద్దండి?"

"రూలు అలాంటిదిరా" అని నవ్వి వచ్చేశాను. పరసహాయం అంటే ఏమిటో, ఎవరు లేపినా తప్పేనని, కామందు గారే స్వయంగా వచ్చి లేపినా అంతేనని వాడికి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు నాకు తీరలేదు.

మరుసటి ఏడు అదే చెరువు, దాదాపు అదే మలుపు. గీత దగ్గరున్న మాకు అది చాలా దూరం. అబ్బాయి ముందున్నాడు, మేస్త్రీ గారు వెనక. అబ్బాయి పడ్డాడు. ఈసారి హ్యాండిలు కడుపులో గుచ్చుకుని బండి మీద పడింది. కూలీలు పది పన్నెండు మంది పరిగెత్తుకొచ్చారు. అబ్బాయి తల ఎత్తి అరిచాడు. "ఎవరూ ముట్టుకోవద్దు! నేనే లేస్తా!" కిందటేడు కప్పు పోయింది ఎలాగో అతనికి గుర్తుంది. వాళ్లకూ గుర్తుంది. చుట్టూ వలయంగా నిలబడిపోయారు.

మేస్త్రీ గారు పక్క నుంచే దూసుకుపోయారు. చెరువు చుట్టూ ఒక రౌండు తిరగడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. మళ్లీ ఆ మలుపుకు వచ్చేసరికి వాళ్లంతా అలాగే నిలబడి ఉన్నారు. అబ్బాయి తల నేల మీద ఉంది. ఈయన నడుస్తున్న బండి మీద నుంచే దూకేశారు. ఒక్కరే లేపారు ఆ బండిని.

బెజవాడ దారిలో, మామిడి లారీలో గడ్డి మీద, అబ్బాయి పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

పోలీసులు అడిగితే నాగులు చెప్పిన మాట నేనే రాసిపెట్టాను, వాళ్ల రైటరుకు ఆ రోజు జ్వరం. "బాబు గారు ముట్టుకోవద్దన్నారండి. తర్వాత ఏవీ అన్లేదండి. ఏవీ అనకపోతే మేవెట్టా ముట్టుకుంటావండి?"  ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గేస్తోంది, అయినా చెబుతాను. ఆ సాయంత్రం కమిటీవారిలో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, మేస్త్రీ తన బండి దిగి పరాయి బండిని లేపాడు గనక, ఇప్పుడు చాంపియను ఎవరవుతారని అడిగాడు. నిజంగానే అడిగాడు. పందేలు ఆ ఏటితో ఆగిపోయాయి.

పదో రోజు వెళ్లాక మేస్త్రీ గారు కిందటేటి కప్పు తువ్వాల్లో చుట్టుకుని కామందు గారి ఇంటికి బయల్దేరారు. నన్ను తోడు రమ్మన్నారు. కామందు గారు బయటికి రాలేదు. ఆయన భార్య వచ్చారు. కప్పు వైపు చూడనైనా లేదు.

"నువ్వు మొదటిసారి పక్కనుంచి పోయినప్పుడు, మావాడు మాట్లాడుతున్నాడా?" అని అడిగారు.

నాకైతే వెంటనే అబద్ధం తోచింది. ఆయనకు తోచలేదు. "మాట్లాడుతున్నాడమ్మా" అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. వచ్చేటప్పుడు దారిలో ఆయన అన్న మాట ఒక్కటే. "అక్కడ మనుషులున్నారు కదా అనుకున్నానండి." తర్వాత ఇన్నేళ్లలో ఆ సంగతి ఎప్పుడు ఎత్తినా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయేవారు.

ఆయన మళ్లీ మోటారు సైకిలు ఎక్కలేదు. బాగుచేసేవారు, ఎక్కి చూడమంటే వేరేవాళ్లను ఎక్కించేవారు. వీధిలో ఏది పడ్డ చప్పుడైనా, సైకిలు కానివ్వండి, కుండ కానివ్వండి, చేతిలో పని వదిలి పరిగెత్తేవారు. ఒకసారి కావాలని దొర్లి ఆడుకుంటున్న పిల్లల్ని కూడా లేపేసి, వాళ్ల తల్లి చేత చీవాట్లు తిన్నారు. మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఏటా ఎండాకాలం ఆగిరిపల్లి వెళ్లి నాగుల్ని కలిసేవారు. "తప్పు నీది కాదురా. నువ్వు ముట్టుకున్నావని కాదు, ఎవరు పట్టుకున్నా తప్పేనని రూలు. నిన్ననలేదురా ఆ మాట" అని చెప్పేవారు. నాగులు "సరేనండి" అనేవాడు. ఒక ఏడు పట్టుబట్టి వాణ్ణి షెడ్డుకు తీసుకొచ్చారు. తను చక్రం విప్పుతూ, బండి హ్యాండిలు పట్టుకోమన్నారు. వాడు భుజం మీది తుండుగుడ్డ తీసి, హ్యాండిలుకు చుట్టి, దాని మీద నుంచి పట్టుకున్నాడు. మేస్త్రీ గారు విప్పిన నట్లు మళ్లీ బిగించేశారు. ఆ మర్నాడు నన్ను పిలిచి, ఆ కాగితం గురించి మొదటిసారి, చివరిసారి మాట్లాడారు.

"మీరు బాగా రాశారండి. అదే వచ్చిన చిక్కు."

"రూలు తప్పితే అడగకూడదా మేస్త్రీ గారూ?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పౌరుషం ఎందుకో నాకే తెలియదు.

"అడగాలి. అక్కడే, ఆ మలుపులోనే, జెండా పట్టుకున్నవాడు ఆపి చెప్పాలి. అందరూ ఇళ్లకెళ్లి కాఫీలు తాగాక కాగితం మీద తేలిస్తే అది వేరే పందెం. అందులో నేను నెగ్గలేదు, మీరు నెగ్గారు."

నేను రాతపనివాణ్ణి. రూలు లేకపోతే బలం ఉన్నవాడిదే కప్పు అని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు అర్జీ పెట్టడం తప్పని ఎవరైనా అంటే వాదిస్తాను. కానీ పందెం చూసినవాళ్లు బండ్లను గుర్తుపెట్టుకుంటారు, అర్జీ విన్నవాళ్లు మాటను గుర్తుపెట్టుకుంటారు. నేను కప్పు కోసం రాసిన మాటను ఆ కూలీల వాడ వాడంతా తమ గురించే అనుకుని బుద్ధిగా పాటించింది. ఆ నింద పదేళ్లు ఆయన మోశారు. ఒక్కసారైనా నా పేరు చెప్పలేదు. మేస్త్రీ గారూ, మీకు నేను చేసిన ద్రోహం ఇది.

బుధవారం పొద్దున్న తీసుకెళ్లాం. జనం పెద్దగా రాలేదు. చింతలపూడి నుంచి ఆయన తమ్ముడు, ఇద్దరు లారీ డ్రైవర్లు, నేను, నలుగురం పాడె ఎత్తాం. లారీలవాళ్లు చెప్పారు కాబోలు, నాగులు కూడా వచ్చాడు. వాడి వెంట ఇంకో పది మంది. గేటు అవతలే నిలబడ్డారు. నాకు యాభై దాటాయి, భుజం అప్పుడే లాగుతోంది.

"నాగులూ, రా. వచ్చి ఓ చెయ్యి వెయ్యి" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. వాడి గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది.

"వద్దులెండి రైటరు గారూ. మళ్లీ ఏవన్నా రాస్తారు."

 నడిచాం. వాళ్లు ఎడంగా వెనకే వచ్చారు. కాలవ వంతెన దగ్గర నా కాలు జారి, పాడె ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రీ గారి తల పక్కకు వాలింది. నిలదొక్కుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. వాళ్లందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయి, చేతులు వెనక్కి కట్టుకుని, మా వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.