వీణ ఉన్న డిస్కు

ఆదివారం మధ్యాహ్నం పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పలేను. వారమంతా మీటింగుల్లో గొంతు చించుకున్న జనం తిని పడుకుంటారు. ఎదురుగా కడుతున్న టవరు మీద క్రేను కూడా ఆగిపోతుంది. ఆ వేళకు నేను నా పాత హార్డ్‌డిస్కును కంప్యూటరుకు తగిలించి, డీఫ్రాగ్ మొదలుపెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అది టిక్కు టిక్కుమంటూ, మధ్యమధ్య గరగరమంటూ పని చేసుకుపోతుంది. మా ఇంట్లో నేను కాకుండా చప్పుడు చేసేది అదొక్కటే. ఫ్రిజ్జును నేను లెక్కలోకి తీసుకోను.

నా ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో. ఊళ్ళోవాళ్ళ డేటా భద్రంగా ఉందో లేదో చూస్తూ కూర్చోవడం. ఇంటికొచ్చాక ప్రకటనలకు సంగీతం చేస్తాను. ఎక్కువగా విల్లాల ప్రకటనలే. ‘ప్రకృతి ఒడిలో’ అని ఒక గొంతు చెబుతుంటే వెనకాల వీణ వినిపించాలి. ఆ ప్రకృతిని జేసీబీతో చదును చేసి నెల కూడా అయి ఉండదు, అది వేరే సంగతి. అంత చిన్న పనికి వీణ వాయించేవాళ్ళను ఎవరూ పిలవరు. ఒక్కొక్క స్వరాన్నీ ముందే విడిగా రికార్డు చేసి డిస్కులో పెట్టుకుంటాం. కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. మెల్లగా మీటింది ఒకటి, గట్టిగా మీటింది ఒకటి, తీగ లాగి వదిలింది ఇంకొకటి. ఇలా ఒక్క వీణకే వేల ఫైళ్ళు. రాస్తూ చెరుపుతూ ఉంటే డిస్కులో ఆ ఫైళ్ళు ముక్కలై తలా ఒక మూలకూ పోతాయి. అవన్నీ ఏరుకొచ్చేసరికి స్వరం ఆలస్యంగా పలుకుతుంది, ఒక్కోసారి మధ్యలో తెగిపోతుంది. ఆ ముక్కల్ని మళ్ళీ ఒకచోటికి చేర్చడమే డీఫ్రాగ్. కొత్త రకం డిస్కులకు ఈ పని అక్కర్లేదు, అవి చప్పుడూ చెయ్యవు. ‘ఇంకా ఇదేంది మేడమ్’ అని ఆఫీసులో నవ్వుతారు. నవ్వుకోనీ.

ఈ డిస్కులో ఉండే వీణ నా స్నేహితురాలిది. ఉద్యోగాల్లో చేరిన కొత్తలో కూకట్‌పల్లిలో ఒక లేడీస్ హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. ఆమెది విజయనగరం, నాది సిద్దిపేట వైపు. నేను ‘గిట్ల’ అంటే ఆమె పడీపడీ నవ్వేది. ఆమె ‘ఏటే’ అంటే నాకు ఒళ్ళు మండేది. కొన్నాళ్ళకు ఆ ‘ఏటే’ చెవిన పడకపోతే అన్నం సయించని స్థితికొచ్చాను.

తర్వాత ఇద్దరం కలిసి ఒక చిన్న పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. రికార్డింగ్ అక్కడే చేశాం. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ. ఆమె ఒక స్వరం మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. వీధిలో కూరగాయల బండివాడు అరిచాడంటే మళ్ళీ మొదటికి. పాట లేకుండా ఒట్టి స్వరాలు మీటడం, వాయించడం వచ్చిన మనిషికి ఎంత విసుగో! ‘ఏటే ఇది, పప్పులో రాళ్ళేరినట్టు’ అని సణుక్కుంటూనే మళ్ళీ మీటేది. నా కోసం కాకపోతే ఆ పని చేసి ఉండదని నాకు తెలుసు.

పెళ్ళయ్యాక ఆమె కూకట్‌పల్లిలోనే ఉండిపోయింది. ఆఫీసుకు దగ్గరని నేను ఇటు వచ్చేశాను. మేం పోట్లాడుకోలేదు. రోడ్డు ఖాళీగా ఉంటే గంట ప్రయాణం కూడా కాదు, కానీ ఈ ఊళ్ళో రోడ్డు ఎప్పుడు ఖాళీగా ఉంది గనక. ఆమెకు పిల్లలు, అత్తగారు, బడి వ్యాను. నాకు షిఫ్టులు. ఫోన్లు పోయి మెసేజ్‌లు మిగిలాయి, అవీ పుట్టినరోజుకు. నేను ఒంటరిదాన్ని. ఈ మాట అనుకోవడానికే చాలా ఏళ్ళు నామోషీ పడ్డాను, ఇప్పుడు పడను. సాయంత్రాలు పని ఉన్నా లేకపోయినా ఆ వీణ తెరిచి ఏదో ఒకటి వాయించేదాన్ని. కింది తీగ మీద ఆమె గోరు గీరుకున్న చప్పుడు కూడా అందులో ఉండిపోయింది. ఆ చప్పుడు వినిపిస్తే ఆమె పక్కగదిలో ఉన్నట్టే ఉండేది.

కోకాపేటలో విల్లాల ప్రకటన ఒకటి చేశాను. అది టీవీలో రావడం మొదలైన వారంలోనే ఆమె నుంచి ఫోను వచ్చింది. ఎన్నాళ్ళకు! మెచ్చుకుంటుందని మురిసిపోతూ ఎత్తాను. ఆమె ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

“ఆ యాడ్‌లో వీణ నాదేనా?”

నీదేనే అన్నాను, గొప్పగా.

“నేను ఆ పాట ఎప్పుడూ వాయించలేదు. నేను వాయించని పాట నా చేత్తో ఎలా వాయించావే?”

అందుకే కదా అప్పుడు రికార్డు చేసింది, ఎలాగంటే అని చెప్పబోయాను. ఆమె విననే లేదు. ఇంట్లో అందరూ ఆ వీణ బాగుందన్నారట, అది తనదని మాత్రం ఒక్కరికీ తెలియలేదట. డిస్కులోంచి తన స్వరాలన్నీ తీసెయ్యమంది. ఒకటి కాదు, అన్నీ. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ళకు ఫోను చేసి అడిగేది ఇదా? తీసేస్తా, ఫికర్ చెయ్యకు అని టపీమని పెట్టేశాను. ఆ కోపంలోనే వేరే డిస్కులో ఉన్న నకలును ఆనవాలు లేకుండా తుడిచిపారేశాను. అసలు డిస్కులో కూడా వీణ ఫోల్డరు తీసేశాను. ‘తీసేశా’ అని మెసేజ్ పెడితే ఆమె ఒక దణ్ణం బొమ్మ పంపింది.

కోపం దిగాక కూలబడిపోయాను. ఆ అసలు డిస్కు ఒక్కటే మిగిలింది. నేను తిండి తినేది ఈ విద్య మీదే కాబట్టి నాకు తెలుసు, ఫైలు తీసేస్తే పోయేది దాని పేరే. స్వరం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాని మీద ఇంకొకటి వచ్చి పడేదాకా తిరిగి తీసుకోవచ్చు. వచ్చి పడిందా, ఇక బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. డీఫ్రాగ్ చేస్తే మిగతా ఫైళ్ళు జరిగి ఆ చోట్లలోనే కూర్చుంటాయి. అందుకని మిగతా వాయిద్యాలను ఇంకో డిస్కులోకి ఎక్కించుకుని, దీన్ని విప్పి బీరువాలో చీరల మధ్య పెట్టేశాను. ఆదివారాలు మూగబోయాయి. వీణ అడిగిన ప్రకటనలకు వేణువు పెట్టి సరిపెట్టాను. ఆమె దణ్ణం బొమ్మ మాత్రం గుర్తొచ్చినప్పుడల్లా గుచ్చుకునేది. ఆమె దృష్టిలో ఆ స్వరాలు లేవు, నా బీరువాలో ఉన్నాయి.

ఎన్ని నెలలని ఇలా? చివరికి నేనే ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను. పూర్తిగా పోలేదు, ఉంచమంటే ఉంచుతాను, ఏ ప్రకటనకూ వాడను అన్నాను. ఉంచమంటుందని ఎంత ఆశపడ్డానో! ఆమె మాత్రం ఆదివారం వస్తానంది, తన ముందే తీసెయ్యమంది.

వచ్చింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర డబ్బాలో తెచ్చింది. జుట్టు నెరిసింది, నాకూ నెరిసిందనుకోండి. కంప్యూటరు ముందు ఉన్న ఒక్క కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, నేను వంటింట్లో స్టూలు తెచ్చుకున్నాను. డిస్కు తగిలిస్తుంటే ఆమె ఎడమచెయ్యి నా ముందుకు చాపింది. వీణ వాయించేవాళ్ళకు ఎడమచేతి వేళ్ళ మీద తీగలు ఒత్తుకుని గాట్లు పడతాయి. హాస్టల్లో ఆ గాట్లు పట్టుకుని ఎంత ఏడిపించేదాన్నో. ఇప్పుడు ఆ వేళ్ళు నున్నగా ఉన్నాయి.

“వీణ అటక మీదుంది. నాకిప్పుడు అలా పలకదే. ఆ యాడ్ వచ్చినప్పుడల్లా ఇంట్లో అంతా వీణ బాగుందంటారు, నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.”

ఇన్ని నెలలూ ఆమెకు తన స్వరాల మీద పంతం అనుకున్నాను, పిచ్చిమాలోకాన్ని. నాకు తోడుగా ఉన్నది ఆమెను ఇంట్లోనే పరేషాన్ చేస్తోందని తట్టనే లేదు. ఆ వేళ్ళు పట్టుకున్నాను.

తుడిచెయ్యడానికి దగ్గరి దారి ఒకటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ముందు ముక్కలన్నీ సర్దాలి, ఆ తర్వాత మిగిలిన ఖాళీ అంతా సున్నాలతో నింపాలి, సాయంత్రమవుతుంది అన్నాను. అయితే అయిందిలే అంది. తెర మీద రంగురంగుల గళ్ళు కదులుతుంటే తను ఏ గడిలో ఉందని అడిగింది. ఖాళీగా కనిపిస్తున్న తెల్లగళ్ళు చూపించాను. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. డిస్కు టిక్కుటిక్కుమంటోంది. కూర కలుపుకుని తిన్నాం. దుప్పట్లు కట్టిన కిటికీలు చూసి లోపల ఏం చేస్తున్నారని నిలదీసిన ఇంటావిడ గుర్తొచ్చి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం ‘ఏటే’ ఎన్నిసార్లు విన్నానో. డిస్కు ఇంకొంచెం నెమ్మదిగా నడిస్తే బాగుండుననుకున్నాను.

చీకటి పడే వేళకు పని అయిపోయింది. ఇంకేం లేదా అని అడిగింది. ఏం లేదన్నాను. చున్నీతో ముఖం తుడుచుకుని లేచింది. లిఫ్టు దగ్గర నిలబడి అంది.

“దీన్ని మళ్ళీ ఎప్పుడు సర్దుతావు?”

“ప్రతి ఆదివారం సర్దాలి” అన్నాను.

“అయితే వస్తాలే, ఓ ఆదివారం.”

నిజానికి ఆ డిస్కు ఎంత చక్కగా సర్దుకుపోయిందంటే, ఇంకో ఆరు నెలలు దాన్ని ముట్టుకోవలసిన పనే లేదు. అందుకని ఆ సోమవారం నుంచే మొదలుపెట్టాను. పనికిరాని ఫైళ్ళన్నీ తెచ్చి దాంట్లో పోయడం, మధ్యమధ్యలోవి తీసెయ్యడం, మళ్ళీ పోయడం. ఏళ్ళ తరబడి ముక్కలు ఏరినదాన్ని, కూర్చుని ముక్కలు చేశాను. శనివారానికి డిస్కు చిందరవందరైంది. రెండో కుర్చీ కొన్నాను. ఆదివారం ఆమెకు వీలుపడలేదు, పిల్లాడికి పరీక్షలట. ఒక్కదాన్నే కూర్చుని అంతా సర్దాను. ఆ తర్వాతి ఆదివారం ఎవరో చుట్టాలు.

ఇవాళ శనివారం. డిస్కు మళ్ళీ బాగా చిందరవందరైంది.