వంజరం నిలువుగా పట్టే పెట్టె

ఐస్ బాక్సుల గురించి నాకు తెలిసినంత తెల్లాపూర్ మొత్తమ్మీద ఇంకెవరికీ తెలియదు. కనీసం మా టవర్లో తెలియదు. సరే, మా ఫ్లాట్లో తెలియదు, అదీ మా ఆవిడ నిద్రపోతున్నప్పుడు.

ఈ విద్యను ప్రదర్శించే అవకాశం మొన్న చలికాలం చివర్లో వచ్చింది. వరసగా సెలవులు కలిసొచ్చాయని మా అల్లుడు అందరినీ బాపట్ల వైపు సముద్రానికి తీసుకెళ్తానన్నాడు. హోటల్లో దిగడం కాదు, ఒడ్డునే డేరా వేసుకుని పడుకోవడం. డేరా ముందే కొనేశాడు. సరిగ్గా నిలబడుతుందో లేదో చూడాలని హాల్లో వేశాడు. వారం రోజులు అది అక్కడే ఉంది. మా ఆవిడ టీవీ పెట్టాలంటే దాని చుట్టూ ప్రదక్షిణం చేయాల్సి వచ్చేది. మనవరాలు మాత్రం అందులోనే హోంవర్క్ చేసుకునేది.

మేమిద్దరం కూతురి దగ్గరే ఉంటాం. అల్లుడిది సిద్దిపేట వైపు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంట్లోంచే. మంచివాడు. ఒకటే జబ్బు, చెప్పుల జత కొనాలన్నా ముందు నలుగురు మనుషులు అవే చెప్పులు వేసుకుని నడుస్తున్న వీడియోలు చూడాలి. అలాంటివాడికి ఐస్ బాక్సు కొనే పని పడింది. రోజూ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చునేవాడు. ఎన్ని లీటర్లు, గోడ మందమెంత, మంచు ఎన్నాళ్ళు నిలుస్తుంది, అడుగున నీళ్ళు వదిలే బిరడా ఉందా. మా అమ్మాయికి చక్రాలు కావాలి. మనవరాలికి ఐస్‌క్రీములు ఎన్ని పడతాయో చెప్పాలి. మా ఆవిడ ఒక్కటే అడిగింది, "కంపు కొడితే కడిగేదెవరు బాబూ?" అని.

చివరికి అల్లుడు నావైపు తిరిగాడు. "మామయ్యా, మీరు సముద్రం పక్కపొంటి పుట్టినోళ్లు. మీరే చెప్పుండ్రి."

నేను వెంటనే చెప్పలేదు. పెద్దవాళ్ళు వెంటనే చెప్పకూడదు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాను.

"వంజరం నిలువుగా పట్టాలి."

దీనికి కాస్త వివరణ కావాలి. మా వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవాళ్ళు ఎందుకు సముద్రానికి వెళ్ళినా వచ్చేటప్పుడు చేప తెస్తారు. చందానగర్ మార్కెట్లో దొరికే వంజరం కూడా ఆ సముద్రంలోదే. కానీ ఆ మాట మావాళ్ళెవరూ ఒప్పుకోరు. అందుకని ఐస్ బాక్సు కూల్‌డ్రింకులతో వెళ్తుంది, చేపతో తిరిగొస్తుంది. కూల్‌డ్రింకు ఏ డబ్బాలోనైనా పడుతుంది. చేపను మాత్రం నిండుగా, తలా తోకా ఉండగా తెచ్చి అపార్ట్‌మెంట్ లిఫ్టులో పదిమందికీ కనపడేలా పైకి తీసుకెళ్ళాలి.

"ఎంత పొడుగుంటది మామయ్యా వంజరం?"

భుజం దగ్గర్నుంచి వేలికొసల దాకా చెయ్యి బల్ల మీద చాపాను. అల్లుడు టేపు తెచ్చి కొలిచాడు. ఆ కొలత లాప్‌టాప్‌లో కొట్టగానే అప్పటిదాకా ఉన్న పెట్టెలన్నీ మాయమై పొడుగువి నాలుగే మిగిలాయి. నా చెయ్యి ఇంత పనికొస్తుందని గవర్నమెంటు ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నాకే తెలియదు.

"తలకాయ ఎలాగూ కోసి పులుసు పెట్టేదేగా? అక్కడే కోయించుకుని తెచ్చుకుంటే పోయె" అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు? మంచులో చేప మోసినవాడిని నేను" అన్నాను.

మోశాను. ఒక్కసారి. నరసాపురం నుంచి బస్సులో, థర్మోకోల్ పెట్టెలో. దారిలో అది కారి కింద ఉన్న పెళ్ళివారి పరుపుచుట్ట తడిసిపోయింది. నేను ముందుకెళ్ళి కండక్టరు పక్కన నిలబడి, ఆ పెట్టె ఎవరిదో అని అందరితో పాటు నేనూ అడిగాను.

అల్లుడు రెండు పెట్టెలు తెప్పించాడు. ఇప్పటి పిల్లల పద్ధతి ఇది. రెండు తెప్పించుకుని, వాడి చూసి, ఒకటి వెనక్కి పంపేస్తారు. నేను చెప్పిన పొడుగుది ఒకటి, వీడియోల్లో అందరూ మెచ్చుకున్న పొట్టిది ఒకటి. పొట్టిది ముక్కాలిపీటంత ఉంది. పొడుగుదాన్ని చూసి మా ఆవిడ, "ఇందులో వంజరమేం ఖర్మ, మీరే పడతారు" అంది.

ఆ ఆదివారం సెల్లార్లో కారు సర్ది చూశాం. డేరా, చాపలు, స్టవ్వు, బట్టల సంచులు, అన్నీ డిక్కీలోకి వెళ్ళాయి. పొడుగు పెట్టె వెళ్ళలేదు. అడ్డంగా పెట్టి చూశాం, నిలువుగా పెట్టి చూశాం. అప్పుడు అల్లుడు వెనక సీటులో ఒక ముక్కను ముందుకు మడిచాడు. పెట్టె ఆ ఖాళీలోకి హాయిగా జారి, దానికోసమే కట్టించినట్టు కూర్చుంది. నేనే చప్పట్లు కొట్టాను.

మనవరాలు వేళ్ళు లెక్కపెట్టుకుంది. "నాన్న, అమ్మ, అమ్మమ్మ, నేను. మరి తాతయ్య ఎక్కడ కూర్చుంటాడు?"

మిగతా ముగ్గుర్ని సీట్లలో కూర్చోబెట్టి నన్నే ఎందుకు బయట నిలబెట్టిందో నాకు అర్థం కాలేదు.

అల్లుడికి అర్థమైంది. ఎంతో గౌరవంగా అన్నాడు. "మామయ్యకు సముద్రం కొత్తనా? ఇసుకల పండుడు ఆయనకు చిన్నప్పటి సంది అలవాటే. గీ వయసుల మల్ల ఎందుకు పరేషాన్? ఇంట్ల ఏసీ ఏస్కొని మంచిగ రెస్టు తీస్కుంటడు. అంతే గదా మామయ్యా?"

"అంతేగా మరి" అంది నా నోరు. "చూసీ చూసీ కళ్ళు ఉప్పెక్కిపోయాయి."

అతని తప్పేం లేదు. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి, సముద్రం దగ్గర్లోనే మా ఊరు అన్నాను. అతను కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. అలా వినేవాళ్ళు దొరకడం కష్టం. తర్వాత్తర్వాత ఆ ఊరు సముద్రానికి ఇంకొంచెం దగ్గరికి జరిగింది. తర్వాత పడవొచ్చింది. ఆ తర్వాత తుపానొచ్చింది, అందులో పడవను ఒడ్డుకు లాగింది నేనే. వేసవి రాత్రుళ్ళు ఒడ్డున ఇసుకలో పడుకునేవాళ్ళమని, అలల చప్పుడు లేకపోతే నాకు నిద్రపట్టేది కాదని కూడా చెప్పాను.

నేను పుట్టింది తాడేపల్లిగూడెం పక్కన. అక్కడ్నుంచి సముద్రం చూడాలంటే బస్సెక్కి, దిగి, ఇంకో బస్సెక్కాలి. చూసిన నాలుగైదు సార్లూ చీకటి పడకముందే ఆఖరి బస్సు కోసం పరిగెత్తుకొచ్చాం. ఒడ్డున ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఈ ప్రయాణం మాట వినపడ్డప్పటి నుంచీ నాకున్న కోరిక అదొక్కటే. దానికోసం మోకాళ్ళ దాకా లాగు కూడా కొనుక్కున్నాను. అది బీరువాలో మా ఆవిడ చీరల కింద ఉంది.

లిఫ్టులో పైకి వస్తూ అన్నాను, "ఆ చిన్నది కూడా బాగానే ఉన్నట్టుందండీ అల్లుడుగారూ."

"ఫికర్ చెయ్యకుండ్రి మామయ్యా. టెస్టు పెడదాం. ఏది గెలిస్తే గదే."

మా ఆవిడ నన్ను చూసింది, లిఫ్టు అద్దంలో.

అల్లుడు చందానగర్ చేపల మార్కెట్ నుంచి సంచుల్లో మంచు పట్టుకొచ్చి రెండు పెట్టెలూ నింపాడు. వంటింటి వెనక బాల్కనీలో పక్కపక్కనే పెట్టి, మూతల మీద కాగితాలు అంటించాడు: తెరవొద్దు. మర్నాడు సాయంత్రం అందరి ముందూ తెరిచి, దేంట్లో మంచు ఎక్కువ మిగిలిందో చూడాలి.

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి ఆఫీసులో ఉంది, మనవరాలు బళ్ళో. అల్లుడు గదిలో తలుపేసుకుని మీటింగులో ఉన్నాడు. మా ఆవిడ కునుకు తీస్తోంది. నేను ధ్యానం చేసుకుందామని బాల్కనీలోకి వెళ్ళాను. సరే, ధ్యానం కాదు. వెళ్ళి పొడుగు పెట్టె మూత ఎత్తి, సందులో బట్టలు ఉతికే బ్రష్షు అడ్డం పెట్టాను. కాసేపు కాపలా కాశాను. మంచు కరగలేదు. దిక్కుమాలినది, నా మాట నిలబెట్టడానికే పుట్టినట్టుంది. మూత పూర్తిగా తెరిచాను. ఎండ ఆ మూలకి రాదు. ఇంక లాభం లేదని స్టూలు లాక్కుని, పంచె పైకి మడిచి, రెండు కాళ్ళూ మంచులో పెట్టాను. మనిషి వేడికి కరగాలి కదా. అరగంట కూర్చున్నాను. అంటే, నాకు అరగంటలా అనిపించింది.

తలుపు తెరుచుకుంది. చెవులకి హెడ్‌ఫోన్సుతో అల్లుడు. "యా, యా" అంటూ వచ్చి, నన్ను చూసి, ఫోన్లో ఏదో నొక్కి వాళ్ళకి తన మాట వినపడకుండా చేశాడు.

"ఏంది మామయ్యా గిది?"

"కాళ్ళు మంటగా ఉంటేనూ."

"కాళ్ల మంటకు గీ బాక్సే దొరికిందా? గా చిన్నదాంట్ల పెట్టొచ్చు గదా."

"అందులో రెండు కాళ్ళూ పట్టవండీ."

అతను నవ్వలేదు. మూత మీద కాగితాన్ని చూశాడు, కింద పడున్న బ్రష్షును చూశాడు. చెవిలో ఎవరో పిలుస్తున్నారు కాబోలు, "టూ మినిట్స్" అని మళ్ళీ నొక్కేసి, పొట్టి పెట్టె మీద కూర్చున్నాడు.

"నిజం చెప్పుండ్రి. మీకు రావాలనున్నదా?"

"నాకెందుకండీ, సముద్రమంటే నాకు..." అని మొదలుపెట్టాను. కాళ్ళు మొద్దుబారిపోతున్నాయి. అలాంటప్పుడు మనిషికి కథ అల్లే ఓపిక ఉండదు. "ఉంది" అన్నాను. "మా ఊరు సముద్రం పక్కన లేదు అల్లుడుగారూ. తాడేపల్లిగూడెం పక్కన ఉంది. ఇసుకలో నేనెప్పుడూ పడుకోలేదు. ఒక్కసారి పడుకోవాలని ఉంది."

"మరి పడవ?"

"ఎక్కలేదు."

"తుపాను?"

"రేడియోలో విన్నాను."

"అరె! గా తుపాను ముచ్చట నేను మా ఆఫీసుల అందరికి చెప్పిన గదా!" అన్నాడు. అతను నిజంగా బాధపడింది దానికే. లేచి తువ్వాలు తెచ్చిచ్చాడు. "ఇగ కాళ్లు బయటికి తియ్యుండ్రి. జలుబు జేస్తే ఎట్ల వస్తరు?"

ఆ సాయంత్రం అందరి ముందూ మూతలు తీశాం. పొట్టిదాంట్లో నీళ్ళమీద నాలుగు పలుకులు తేలుతున్నాయి. పొడుగుదాంట్లో, నేను చేయగలిగినంతా చేసినా, సగానికి పైగా మంచు అలాగే ఉంది. పెట్టెల విషయంలో నా తీర్పు ఎప్పుడూ తప్పదు.

"చిన్నదే ఉంచుకుందం" అన్నాడు అల్లుడు.

"అదేంటి? గెలిచింది పెద్దది కదా?" అంది అమ్మాయి.

"కార్ల పట్టదు."

"సీటు మడిస్తే పట్టిందిగా మొన్న?"

"గది... సీటు మంచిగ ముడుచుకుంటలేదు."

పాపం, చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధానికి ఇంకా చెయ్యి తిరగలేదు. అమ్మాయి అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "నాన్నా, నీ పంచె అంచు ఎందుకు తడిసింది?" అంది. నేను మనవరాలి లెక్కల పుస్తకం తీసుకుని డేరాలోకి వెళ్ళిపోయాను.

పడుకోబోయే ముందు మా ఆవిడ అడిగింది.

"అతనికేం చెప్పారు?"

"నిజం."

"ఎంత?"

"మొత్తం."

"అయ్యో" అని, లేచి బీరువా తెరిచి, తన చీరల కింద నుంచి ఆ లాగు తీసి నా దిండు మీద పెట్టింది. "ఇస్త్రీ చేయించుకోండి. ముడతలు పడింది."

పొడుగు పెట్టెను కడిగి, ఆరబెట్టి వెనక్కి పంపేశారు. ఎందుకు వద్దనుకున్నారు అని అమ్మినవాళ్ళడిగితే, సైజు సరిపోలేదు అని నొక్కాడట అల్లుడు. అది నిజమే.

దారంతా పొట్టి పెట్టె నా కాళ్ళ కింద ఉంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, పొడుగుదైతే ఎంత బాగుండేదో నార్కట్‌పల్లి దాకా చెప్పాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుంది. రెండోరోజు పొద్దుటికి మంచు అయిపోయి మనవరాలి ఐస్‌క్రీములు పాలైపోయాయి. ఆ మాట నేనెత్తలేదు. ఎత్తాను గానీ, మూడుసార్లే. అల్లుడు ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ మంచు తెచ్చాడు.

బయల్దేరే ముందు ఒడ్డున ఒకావిడ దగ్గర వంజరం కొన్నాం. నా చెయ్యంత పొడుగు. భుజం నుంచి కాదులెండి, మోచేతి నుంచి. అయినా పెట్టెలో పట్టలేదు. "తలకాయ కొట్టెయ్యమంటారా?" అని ఆవిడ అడిగితే మా ఆవిడ నావైపు తిరిగి, నేను సరే అనేదాకా ఆగింది. సరే అన్నాను. చేప రెండు ముక్కలై పెట్టెలో సుఖంగా సర్దుకుంది.

ఇక ఒడ్డున పడుకున్న రాత్రి సంగతి. మా టవర్ కింద బెంచీ మీద నా తోటివాళ్ళకి చెప్పాను, డేరా బయట చాప వేసుకుని, అలల హోరు వింటూ తెల్లవార్లూ మేలుకునే ఉన్నానని. చాప వేసుకున్న మాట నిజం. అల్లుడు కూడా పక్కన ఇంకో చాప వేసుకుని పడుకున్న మాట నిజం. "మామయ్యా, తుపాను ముచ్చట ఇంకోపారి చెప్పుండ్రి, నిద్ర పడ్తలేదు" అన్నాడు. మొదలుపెట్టాను. పడవ దాకా రాకముందే నాకు నిద్రపట్టేసింది. సముద్రం రాత్రంతా ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నా గురక ముందు అది వినపడలేదని మా ఆవిడ డేరాలోంచే సాక్ష్యం చెప్పింది.

పొద్దున్న లేచేసరికి ఎడమ చెవి నిండా ఇసుక. కడుక్కోమని అందరూ అన్నారు. ఇంటికొచ్చాక కడుక్కుంటానన్నాను. వచ్చాక వారం రోజులు కడుక్కోలేదు. వారం కాదు, ఆ ఒక్క పూటే. మా ఆవిడ ఊరుకోలేదు.