మరియమ్మ బైబిల్లో పెట్టుకున్న నోటీసు

రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, మార్కాపురం వైపు ఒక మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా పోయినాను. తహసీల్దారు తర్వాతి కుర్చీ నాది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు సాగులో ఉన్నాయా లేదా చూసి, బీడు పెట్టినవాళ్ళకు కారణం చెప్పమని షోకాజ్ నోటీసు ఇయ్యడం మా సెక్షన్ పని. పదిహేను దినాల్లో జవాబు రాకుంటే భూమిని వెనక్కి తీసుకుంటూ ఆర్డరు తయారవుతుంది.

ఆ నోటీసు ఏ భాషలో ఇయ్యాలనే దాని మీద ఒక తిరకాసు ఉండేది. అధికార భాష నిబంధన ప్రకారం తెలుగులోనే ఇయ్యాలి. మధ్యలో ఒక సవరణ వచ్చి, ఇంగ్లీషులో ఇచ్చినా చెల్లుతుందన్నది. మాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చు ఫారాలు ఉండేవి, పేరూ సర్వే నంబరూ నింపితే సరి. కొన్నాళ్ళకు ఆ సవరణను రద్దు చేసినారు. రద్దు ఉత్తర్వు నా బల్ల మీదికే వచ్చింది. తపాలు కట్టలో దాని మీద పొట్టి సంతకం గీకి పక్కన పడేసినాను. చదవలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు, మనకు తెలియని రూలేముందిలే అనే పొగరు. ఇంగ్లీషు ఫారాలే వాడతా పోయినాం.

ఆ ఫారాల్లో ఒకటి మరియమ్మకు పోయింది. కొండ అంచు పల్లెలో కూలి చేసుకునే మనిషి. ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాలు తప్ప వేరే ఆధారం లేదు. బోరు ఎండిపోయి, మిరపకోతలకు గుంటూరు వైపు పోతా వస్తా ఉండడంతో చేను బీడు పడింది. గ్రామ సేవకుడు నోటీసు ఇచ్చి వేలిముద్ర తెచ్చినాడు. గడువు దాటింది, జవాబు లేదు. పదహారో రోజు పొద్దున తహసీల్దారు మేడం ఆర్డరు మీద సంతకం చేసింది. కాయితాలు బయటికి పంపే డిస్పాచ్‌లో నంబరు పడితే ఇక అది మా చేతుల్లో ఉండదు, మరియమ్మ అప్పీలుకు తిరగాల్సిందే.

ఆ మధ్యాహ్నమే మరియమ్మ ఆఫీసుకు వచ్చింది. చంకలో బైబిలు. అందులోంచి నోటీసు తీసి నా ముందు పెట్టి, "బోరు బండి ఎప్పుడొస్తాది సారూ" అనింది.

నాకు అర్థం కాలేదు. ఎప్పుడో ప్రభుత్వ బోరుకు అర్జీ పెట్టుకుందంట. "తెలుగు కాయితమైతే ఏదో ఒకటి కట్టమనేదే. ఇది ఇంగిలీసులో, సీలేసి వచ్చింది, బోరు కాయితమే అనుకున్నా. నా పేరుందని సేవకుడు చూపిచ్చినాడు. నలుగుతాదని ఎవురి చేతికీ ఇయ్యలేదు. బోరొచ్చిందని ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పినా. అందరూ స్తోత్రం అన్నారు."

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి డిస్పాచ్ దగ్గరికి పరుగెత్తినాను. గుమాస్తా భోజనానికి పోబట్టి బతికినాం, ఆర్డరు ఇంకా కట్టలోనే ఉంది. దాన్ని చేతిలో పట్టుకొని పాత తపాలు ఫైళ్ళు తిరగేసినాను. రద్దు ఉత్తర్వు దొరికింది, కింద నా పొట్టి సంతకంతో సహా. తీసుకుపోయి మేడం ముందు పెట్టినాను.

మేడం రెండూ చూసి, నోటీసే చెల్లనప్పుడు ఆర్డరు నిలవదన్నది. ఎందుకు చెల్లదో మాత్రం నోట్ ఫైలులో రాయాలంది. నిర్ణయాలకు కారణాలు రాసే ఫైలు అది, రాసింది చింపడానికి లేదు. గుమాస్తా మీదికి తోస్తే పోలా అనే ఆలోచన నాకు వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే. "రద్దు ఉత్తర్వు నాకు అందినది, చదవలేదు" అని రాసి సంతకం పెట్టినాను. తర్వాత మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను.

కొత్త నోటీసు తెలుగులో రాసి మరియమ్మకు నేనే చదివి వినిపించినాను. బోరు కాదు, భూమికే ఎసరు అని తెలిసినాక, "చర్చిలో ఏమని చెప్పేది సారూ" అనింది. బోరు ఎండిన సంగతి ఆమె చెప్తా ఉంటే జవాబు రాయించినాను. మేడం ఒప్పుకుంది. భూమి నిలిచింది. బోరు మాత్రం నేనున్నన్నాళ్ళూ రాలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, నోటీసు అందుకున్న మనిషిని పిలిపించి, అందులో ఏముందో నువ్వు చెప్పు అని అడిగేవాణ్ణి. చెప్పగలిగితేనే నోటీసు అందిందని ఫైలులో రాసేవాణ్ణి. అట్ల చెయ్యమని ఏ నిబంధనలోనూ లేదు.