ఆదివారం గడి

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన ఏడాది, నాతో ఇంజనీరింగు డిప్లొమా చదువుతున్న చూలై పేట రంగనాథానికి గొంతు క్యాన్సరు వచ్చింది. ఆసుపత్రిలో వాడి దగ్గర ఏ రోజు ఎవరుండాలో ఆరుగురు స్నేహితుల పేర్లతో పట్టిక గీసి, మంచం పక్కన అతికించాను. ఆదివారం ఖాళీగా మిగిలింది.

వాడు పట్టిక చూసి, "గీతలు బాగుండాయిరా మేస్త్రీ. నీ పేరు యాడ?" అన్నాడు, వినపడీ వినపడని గొంతుతో.

చిక్కిపోతున్న వాణ్ణి చూసే ధైర్యం లేక నా పేరు వేసుకోలేదు. వాడే పెన్సిలు అడిగి తీసుకుని, ఆదివారం గడిలో నా పేరూ, దాని కింద సాయంత్రం నాలుగు గంటలనీ రాశాడు.

ఆ తరువాత మాకు దొరికినవి ఆరు ఆదివారాలే.

మీ స్నేహితుడు ఇలాంటి జబ్బుతో పడుకుంటే పళ్లు పంపి ఊరుకోకండి, వెళ్లి పక్కన కూర్చోండి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి నేనిప్పటికీ చొక్కా వేసుకుంటాను. వెళ్లడానికి చోటు లేదు.