రత్నాకర్ సారు చీకటి కచేరీలు

రత్నాకర్ సారుకు ఒకటే పిచ్చి. కచేరీ మొదలవగానే హాల్లో లైట్లన్నీ తీసేస్తాడు. తార్నాకలో తన ఇంట్లో పట్టపగలు కూడా ట్యూబులైటు వేసుకుని పేపరు చదివే మనిషి, యూనివర్సిటీలో తాను ఏళ్ళుగా చూసుకుంటున్న సంగీత మండలి కచేరీ ఉన్న సాయంత్రం మాత్రం మెయిన్ స్విచ్ పక్కన కాపలా కాస్తాడు. వాయించేవాళ్ళ ముందు ఒక్క ప్రమిద వెలుగుతుంటుంది. మిగిలిన హాలంతా కాటుక చీకటి.

ఆ హాలూ ఆయనకు తగినదే. రాతి గోడలు, ఎత్తున ఎక్కడో కిటికీలు, మైకు అక్కర్లేనంత చిన్నది. ఏటా చలికాలంలో బయటి ఊళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వాయించే విద్వాంసుల్ని మండలి పిలుస్తుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే అడుగుతారు, లైట్లెందుకు తీస్తారని.

"వెలుగుంటే చెవులు బద్దకిస్తయి సార్," అన్నాడు రత్నాకర్ విజయనగరం నుంచి వచ్చిన వేణువు ఆయనతో. వీణ ఆవిడకు దోమలు రావని చెప్పాడు. సితారు ఆయనకు తీగలకు వేడి తగలదన్నాడు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం. చివర్న మాత్రం అందరికీ ఒకటే మాట.

"భయపడకుండ్రి. వాళ్ళేమనరు."

"వాళ్ళెవరండీ?"

"వినేటోళ్ళు."

వేణువు ఆయన రాగం సగంలో లేచి మెట్రో స్టేషను దాకా ఆగకుండా పోయాడు. ఆయన చెప్పులు ఇప్పటికీ మండలి బీరువాలో ఉన్నాయి.

ఈ ఏడాది మండలికి కార్యదర్శి అయిన జ్యోతిర్మయి ఫిజిక్స్ లెక్చరరు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల, దయ్యాల మాటలు నమ్మదు. అయినా మొదటి కచేరీలోనే ఆమెకు చెమటలు పట్టాయి. లైట్లు పోగానే వెనక నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. చెప్పుల్లేని అడుగులు. ఎక్కడో గాజులు మోగాయి. ఆసుపత్రి వాసన ఒకటి మెల్లగా హాలంతా పాకింది. పాట ఎత్తుకునే చోట ఎవరో ఆమె మెడ వెనకే నిట్టూర్చారు. ఆఖర్న చప్పట్లు వాన కురిసినట్టు కురిశాయి. లైట్లు వేసి చూస్తే, ముందు వరసలో రిటైరైన మాస్టార్లు గుప్పెడు మంది. వెనక కుర్చీలన్నీ ఖాళీ. జ్యోతిర్మయి ఒక కుర్చీ మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది.

"సర్, ఈ హాల్ల మొదలు ఏముండె?"

"పాత జమానల దవాఖాన ఉండెనంటరు," అన్నాడు రత్నాకర్, స్విచ్చు మీద దుమ్ము తుడుస్తూ.

ఆ రాత్రి ఫిజిక్స్ లెక్చరరు లైటు వేసుకుని పడుకుంది.

ఇలా ఉండగా పరీక్షల విభాగం ఆఫీసరు వెంకటనర్సయ్య కన్ను హాలు మీద పడింది. జవాబు పేపర్ల బస్తాలు పెట్టుకోవడానికి ఆయనకు జాగా కావాలి. "నలుగురు ముసలోళ్ళకు ఇంత హాల్ ఎందుకమ్మా? ఆఖరి కచేరీకి నేనే వచ్చి చూస్త. జనం ఉంటే మీది, లేకుంటే బస్తాలది," అన్నాడు. జ్యోతిర్మయి తిన్నగా రత్నాకర్ దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని ఆమె మొదటిసారి వయొలిన్ విన్నది ఆ హాల్లోనే.

"ఈసారి లైట్లు ఉండాలె సర్. చీకటికి భయపడే జనం వస్తలేరు."

"లైటేస్తే వాళ్ళు రారు మేడమ్."

"దయ్యాల కోసం హాల్ పోగొట్టుకుంటమా?"

రత్నాకర్ చేతిలోని ప్రమిదను కింద పెట్టేశాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

ఆఖరి కచేరీ సాయంత్రం వయొలిన్ వాయించే అరుంధతి, తనతో వచ్చిన వీణ, మృదంగం వాళ్ళతో శ్రుతి చేసుకుంటోంది. లైట్లన్నీ వెలుగుతున్నాయి. వెనక వరసలు బోసిగా ఉన్నాయి. ముందు కూర్చున్న వెంకటనర్సయ్య గోడల్ని కళ్ళతోనే కొలుస్తూ, "చానా బస్తాలు పడ్తయి," అన్నాడు సంతోషంగా. జ్యోతిర్మయి అక్కడ నిలవలేక వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

మసక చీకట్లో, చెట్ల కింద, మనుషులు నిలబడి ఉన్నారు. వరసగా, కదలకుండా, తలలకు ముసుగులతో. అందరి ముఖాలూ హాలు వైపే ఉన్నాయి. జ్యోతిర్మయి ఒక అడుగు వెనక్కి వేసింది. వాళ్ళలోంచి ఒక ఆకారం ముందుకు కదిలింది. దాంతోపాటు ఆ ఆసుపత్రి వాసన.

"మేడమ్, ఇయ్యాల లైట్లు తియ్యరా?"

బుచ్చవ్వ. రోజూ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు ఊడ్చే బుచ్చవ్వ. నీలం కోటు, చలికి తల చుట్టూ కట్టిన తువ్వాల, చేతిలో ఫినాయిల్ డబ్బా. ఆమె వెనక హాస్టల్ మెస్సులో గిన్నెలు తోమేవాళ్ళు, తోటపని వాళ్ళు, పని దిగి మాణికేశ్వర్ నగర్‌కు ఇంటిదారి పట్టినవాళ్ళు.

"లోపటికి రావచ్చు గద బుచ్చవ్వా."

"ఒకపారి లైట్లల్ల కూసున్నం మేడమ్. మా సూపర్‌వైజరు జూసి, కోట్లేసుకొని కుర్సీలల్ల కూసుంటరా అని లేపిండు. మల్ల కనవడితే పనికెల్లి తీస్త అన్నడు. సారు ఆనితోని మస్తు కొట్లాడిండు. ఆడు ఇనలే. గప్పటిసంది సారు లైట్లు తీస్తుండు, మల్ల ఏసేలోపట మేము ఎనక తలుపుకెల్లి పోతున్నం. ఎవ్వలకు జెప్పనని మాకు మాటిచ్చిండు."

బద్దకించే చెవులు, దోమలు, తీగల వేడి, అన్నీ జ్యోతిర్మయికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. క్యాంపసంతా పిచ్చోడంటున్నా ఇన్నేళ్ళూ నవ్వుతూ భరించిన ఆ మనిషి మీద ఆమెకు పట్టరాని ప్రేమ కలిగింది. గబగబా లోపలికి వెళ్ళి తన చేత్తోనే మెయిన్ స్విచ్ ఆపేసింది.

చీకట్లో అడుగులు మొదలయ్యాయి. కుర్చీలు ఒకటొకటిగా కిర్రుమన్నాయి. వెంకటనర్సయ్య పక్కనున్న రత్నాకర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరు సార్ వాళ్ళు?"

"భయపడకుండ్రి. వాళ్ళేమనరు."

అరుంధతి వయొలిన్ కమాను ఎత్తింది. హాలంతా ఒక్క ఊపిరి పీల్చినట్టయింది. ఆమె ఆ సాయంత్రం ఎంత బాగా వాయించిందంటే, భయంతో బిగుసుకున్న వెంకటనర్సయ్య కాలు కూడా తనకు తెలియకుండానే తాళం వేసింది. చప్పట్లు మోగేసరికి మాత్రం ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"లైటెయ్యుండ్రి. నేను చూడాలె," అన్నాడు.

జ్యోతిర్మయి చెయ్యి స్విచ్చు మీద ఆగిపోయింది. వేస్తే వీళ్ళ పనులు పోతాయి. వేయకపోతే హాలు పోతుంది.

"వద్దు మేడమ్. హాల్ పోతే పోనీ," అన్నాడు రత్నాకర్.

"ఎయ్యి మేడమ్," అంది చీకట్లోంచి బుచ్చవ్వ. "సారు మాకోసం శాన ఏండ్లు చీకట్ల కూసున్నడు. ఒక్కనాడు మేము ఎల్తుర్ల కూసుంటం."

లైట్లు వెలిగాయి. ఒక్కరూ కదల్లేదు. వెనక వరసలు నిండిపోయి, కొందరు నిలబడే ఉన్నారు. గోడకు ఊడ్చే పొరకలు ఆనించి ఉన్నాయి. రత్నాకర్ తన శ్రోతల్ని వెలుతుర్లో అలా చూసి చాలా ఏళ్ళయింది. ఎటు చూడాలో తెలియక కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

వెంకటనర్సయ్య నుదురు తుడుచుకుని వెనక వరసల దాకా నడిచి చూశాడు. "బస్తాలకు ఇంకో రూము చూస్తలే," అన్నాడు చివరికి. "మీ సూపర్‌వైజరుతోని గూడ నేనే మాట్లాడ్త. ఇగ నుంచి లైట్లల్లనే కూసోండ్రి." దయ్యాలు కావని తేలాక ఆయనకు హుషారొచ్చింది. "అయినా నిలవడ్డరేంది? ఆ మూలకు కుర్చీ ఖాళీగనే ఉన్నది గద."

"గా కుర్సీ మాది కాదు సారూ," అంది బుచ్చవ్వ. "మేమొచ్చేసరికే అండ్ల ఎవలో కూసోని ఉంటరు."

వెంకటనర్సయ్య రత్నాకర్ వైపు చూశాడు. రత్నాకర్ తెల్లబోయి జ్యోతిర్మయి వైపు చూశాడు.

"భయపడకుండ్రి సార్," అంది జ్యోతిర్మయి, మెల్లగా అరుంధతి పక్కకు జరుగుతూ. "ఏమనరు."