గోధుమ పడని కోడలు

కొడుకు పుట్టిన రెండు మూడేండ్లకు నా ఒళ్ళు నా మాట వినుడు బంద్ చేసింది. పెండ్లినాడు బక్కపల్చగ ఉంటి. జోడ్‌భావి పేట్ల మా అమ్మ బీడీలు చుట్టుకుంట, "నా బిడ్డకు గాలొస్తె ఎగిరిపోతది" అని అందరికి చెప్పుకునేది. ఆ బిడ్డ భవాని పేట్ల అత్తగారింటికి వచ్చినంక కాళ్ళు ఉబ్బినయి, మెడ లావైంది, తాళి దారం బిగుతై కొత్తది కట్టుకోవాల్సి వచ్చింది. నేను టవళ్ళ అంచులు కుట్టే కారఖానల పని చేస్తుంటి. తోటి ఆడోళ్ళు, "అత్తగారి తిండి బాగ పట్టింది నీకు" అని నవ్వేటోళ్ళు. తిండి పట్టుడు గాదు, దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులు వచ్చేది. మిషన్ మీద కూసున్న కాడనే కన్ను మూతపడి అంచు వంకర పొయ్యేది. సేటు ఆ టవల్ తీసి నా ముందల పడేసి, ఇంట్ల నిద్ర పోవా అని అడిగేటోడు.

మా గల్లీ డాక్టరు రక్తం తీపిచ్చి థైరాయిడ్ అన్నడు. పొద్దున లేవంగనె పరిగడుపున ఒక గోలి మింగాలె, ఒంటి వజన్ దానంతటదే దిగుతది అన్నడు. నేను నమ్మిన. వజన్ దిగలె. మల్ల పోతె గోలి పెద్దది ఇచ్చిండు. అదీ పని చెయ్యలె, ఇంక పెద్దది ఇచ్చిండు. పోయినప్పుడల్లా ఒక్కటే ప్రశ్న: గోలి సక్కగ మింగుతున్నవా, యాదిమరుస్తున్నవా? మింగుతున్న అంటె నా దిక్కు చూసి మా ఇంటాయన దిక్కు చూసేటోడు. ఆఖరికి, అన్నం బంద్ చేసి రెండు పూటల చపాతి తినుమన్నడు. వజన్ తగ్గాలంటె అదొక్కటే తొవ్వ అన్నడు.

ఆనాటి సంది నేను చపాతీలే తిన్న. మా అత్తకు గూడ ఖుషీ అయింది, రేషన్ల వచ్చిన గోధుమలు ఇంట్ల పురుగు పడుతుండె గద. నేను తినే కొద్ది కడుపు ఉబ్బి డప్పు లెక్క అయ్యేది. తిన్న గంటకే పేగులు పిండినట్టు నొప్పి. కారఖానల అందరికి ఒక్కటే పాయఖాన. నేను లోపల, బయట నలుగురు నిలబడి తలుపు కొట్టుడు. బయటికి వచ్చేటప్పుడు ఎవ్వరి మొఖం చూడకపోతుంటి. ఒళ్ళేమో లావు, లోపలనేమో రక్తం లేదు, గోర్లు తెల్లగైనయి. వజన్ తగ్గాలని నేను పొద్దుగాల రోడ్డు మీద నడుస్తుంటె మా ఇంటాయన ఒకపారి, "మా సాంచెలు నీకన్న నయం, తిరిగినందుకు బట్టన్న వస్తది" అన్నడు. ఆయన కరెంటు మగ్గాల మీద పని చేస్తడు. ఇంట్ల అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వకపోతె కోపం అంటరు.

ఇట్ల ఏండ్లకేండ్లు పొయ్యి కొడుకు కాలేజిల చేరినంక, పక్క మిషన్ మీద కుట్టే ఆమెనే నన్ను హోట్గి రోడ్ దిక్కున్న ఒక డాక్టరమ్మ కాడికి తోలుకపోయింది. ఆ డాక్టరమ్మ నా వజన్ చూసినంక, అంతకు ముందు ఎవ్వరు అడగని మాట అడిగింది. "కడుపు ఎట్ల ఉంటది?" నేను చెప్పుడు మొదలుపెడితె ఆగలె. రక్తం పరీక్ష అయింది, గొంతుల నుంచి గొట్టం ఏసి కడుపుల చూసుడు అయింది. నా పేగుకు గోధుమ పడదట. గోధుమ తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర అరిగిపోతదట. ఆ అరిగిన పేగు తిండిని తీసుకోదు, గోలిని గూడ తీసుకోదు. ఎంత పెద్ద గోలి ఇచ్చినా అందుకే తక్కువ పడ్డది. గోధుమ, మైద, రవ్వ, సేమ్య అన్ని ఇడిసిపెట్టి జొన్న, సజ్జ, రాగి, బియ్యం తినుమన్నది. ఇది రక్తంల వచ్చే రోగం, కొడుక్కు గూడ పరీక్ష చేపియ్యుమన్నది.

నేను ఆడనే కూసోని ఏడ్సిన. రోగం ఉన్నదని గాదు. ఇన్నేండ్లు తప్పు నాది గాదని.

ఇంటికొచ్చి చెప్పిన. మా అత్త మొత్తం విని, "గోధుమ తింటె రోగమొస్తదా? అట్లయితె పంజాబోళ్ళందరు సచ్చిపోవాలె గద" అన్నది. సాయంత్రానికి గల్లీ గల్లంత తెలిసింది. కొళాయి కాడ ఒకామె నన్ను చూసి, గోధుమ పడని కోడలు వచ్చింది, జరుగుండ్రి అన్నది. కొడుకు పరీక్ష మాట తీస్తె మా ఇంటాయన, "నీ రోగం వానికి అంటగట్టకు" అన్నడు. వాడు అప్పుడు కాలేజి చదువుతుండె, బక్కగ, పాలిపోయి. మా అత్తకు వాడంటె పాణం. వాని ముందల ఆ మాట ఎత్తితె ఊకోనని చెప్పింది.

అయినా నా తిండి నాకు దొరికింది. మా అత్త జొన్నరొట్టె చేసుట్ల పేరున్న మనిషి. నేను పొద్దున్నే కారఖానకు పోవాలె గనుక నా రొట్టెలు ఆమెనే చేసి గుడ్డల చుట్టి పెట్టేది. సణుక్కుంటనే చేసేది, కాని చేసేది. కొన్ని నెలలకు కడుపు నెమ్మదైంది. కారఖానల పాయఖాన ముందట నా కోసం ఎవ్వరు నిలబడుడు లేదు. గోర్లు ఎర్రబడ్డయి. డాక్టరమ్మ థైరాయిడ్ గోలి చిన్నది చేసింది. వజన్ మాత్రం తగ్గుడు పోయి కొంచెం పెరిగింది. పేగు మానుతున్నది, తిన్నది ఒంటికి పడుతున్నది, మెల్లగ దిగుతది అని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్ల ఆ మాట ఎవరు వింటరు? సన్నబడతనని పోయి ఇంక లావై వచ్చిందని మా ఆడబిడ్డకు ఫోన్ల చెప్పి నవ్వుకున్నరు.

మల్ల కొన్ని నెలలకు అన్ని తిరగబడ్డయి. ఉబ్బరం, నొప్పి, పాయఖానకు ఉరుకుడు. జుట్టు మల్ల ఊడింది. ఈపారి మా ఇంటాయన గూడ దవాఖానకు వచ్చిండు. రక్తం పరీక్ష చూసి డాక్టరమ్మ మొఖం మారింది. "దాచుకోని తింటున్నవు గద?" అన్నది. లేదన్న. కాయిదం అబద్ధం చెప్పదన్నది. ఇట్ల చేసేటట్టయితె తన కాడికి రావద్దన్నది. నన్ను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె ముందల నేను దొంగనైన. మా ఇంటాయన పక్కనే కూసోని కింద ఫర్షి బండల దిక్కు చూస్తుండె.  ఆయన గూడ నన్ను అనుమానిస్తున్నడనుకున్న.

అప్పటి సంది నేను పిచ్చిదాని లెక్క వెతికిన. ఇంగువల గోధుమ పిండి కలుపుతరని తెలిసి ఇంగువ బంద్ చేసిన. గిర్నిల గోధుమలు పట్టిన రాయి మీదనే నా జొన్నలు పడుతున్నరేమోనని, ముందుగాల బియ్యం పట్టి తర్వాత నావి పట్టుమని గిర్ని ఆయనను బతిమాలుకున్న. కారఖానల ఎవ్వరేమిచ్చినా ముట్టలె. గుళ్ళె గోధుమ రవ్వ శిర ప్రసాదం చేతుల పెడితె కండ్లకద్దుకోని పక్కామెకు ఇచ్చేసిన. పూజారి నా దిక్కు చూసిన చూపు ఇప్పటికి గుర్తున్నది. ఎంత వెతికినా కడుపు మాత్రం కాలుతనే ఉన్నది.

ఒకనాడు మా అత్త నా ఆడబిడ్డ ఇంటికి పోయింది. నాకు సెలవు. నా జొన్నపిండి డబ్బ తీసి, ఉడుకు నీళ్ళు పోసి పిండి కలిపిన. చిన్నప్పటి సంది జొన్నరొట్టె కొట్టిన చెయ్యి నాది. జొన్నపిండికి సాగుడు తెల్వదు, కొడుతుంటె అంచుల కాడ పగులుతది, తడి చేత్తోని సర్దుకోవాలె. ఆనాడు ముద్ద పగల్లేదు. ఒక కొస పట్టి గుంజిన. రబ్బరు లెక్క సాగింది. ఇంకొకపారి గుంజిన. పొయ్యి ఆర్పేసి ఆ ముద్ద ముందల అట్లనే కూసున్న.

మా ఇంటాయన మధ్యాహ్నం బువ్వకు వచ్చిండు. నేను చపాతీల పళ్ళెం ఆయన ముందట పెట్టి అన్న:

"నా పిండిల గోధుమ పిండి ఉన్నది."

ఆయన నా దిక్కు చూసి, "నీకెట్ల తెలిసింది?" అన్నడు.

ఎవరు కలిపిండ్రు అనలె. అట్ల ఎట్లయితది అనలె. నీకెట్ల తెలిసింది అన్నడు. నా పెండ్లి ఆ మాట కాడ ఆగిపోయింది.

తర్వాత మెల్లగ చెప్పిండు. అమ్మనే కలుపుతున్నది, మొదట పిడికెడు, తర్వాత ఇంకింత. తెల్వకుంట తిని నేను మంచిగనే ఉంటె రోగం నా మనసులనే ఉన్నదని తేలుతది, నా భయం పోతది, ఇంట్ల అందరికి ఒక్క తిండి అయితది అన్నదట. ఆయనకు మొదటి నుంచి తెలుసు. దవాఖానల ఫర్షి దిక్కు చూస్తున్నప్పుడు గూడ తెలుసు.

"మరి నాకు రోగం వచ్చింది గద?" అన్న.

"వచ్చింది."

"మరెందుకు ఆపలె?"

ఆయన చేతులు కడుక్కోని చపాతి తిన్నడు. తిని సాంచెల కాడికి పోయిండు.

అత్త తిరిగి వచ్చినంక దాచలె. "తిన్నవు గద ఇన్ని నెలలు, సచ్చినవా?" అని అడిగింది. తన చేతి తిండి పెట్టుడే తప్పయిందన్నది. మా పెద్దమనుషులు ఇద్దరు వచ్చి, ముసలామె తెల్వక చేసింది, ఇడిసిపెట్టు బిడ్డా అన్నరు. తెలిసే చేసింది అని నేనన్న. ఇంత మాట అన్నందుకు వాళ్ళు నన్నే తప్పు పట్టిండ్రు. ఇల్లు ఇడిసి పోదామంటె అమ్మ లేదు, అన్నయ్యది ఒక్క అర్ర ఇల్లు. నేను ఒక చిన్న స్టవ్వు, ఒక పెనం, మూతకు తాళం ఏసుకునే డబ్బ తెచ్చుకోని వెనకాల వరండల పెట్టుకున్న. మేం దొంగలమా అని మా అత్త వచ్చినోళ్ళందరికి ఆ తాళం చూపెట్టింది. నేను రిపోర్టులు పట్టుకోని డాక్టరమ్మ కాడికి పోయి జరిగింది చెప్పిన.  ఆమె నీళ్ళ గ్లాసు నా దిక్కు జరిపింది.

రెండేండ్లు అట్ల గడిచినయి. కొడుకు చదువు అయిపోయి చద్దర్ల గోదాములకు పనికి పోతుండె. ఒకనాడు మూట ఎత్తుకుంట కండ్లు తిరిగి పడ్డడు. దవాఖానల రక్తం చూసి, ఇంత తక్కువ రక్తంతోని ఎట్ల నడుస్తున్నడని అడిగిండ్రు. వాడే, "మా అమ్మకు గోధుమ పడదు" అని చెప్పిండు. పరీక్ష చేసిండ్రు. వానికీ అదే.

మా అత్త ఆ పొద్దే ఇంట్ల ఉన్న గోధుమల సంచి వాకిట్లకు గుంజి పక్కింటోళ్ళకు ఇచ్చేసింది. అన్ని డబ్బలు సబ్బు పెట్టి తోమింది, ఏడ్సుకుంట తోమింది. జొన్నలు తానే గిర్నికి మోసుకపోయి, ముందుగాల బియ్యం పట్టినంకనే మావి పొయ్యుమని రాయి పక్కన నిలబడ్డది. చపాతి పెనం పాతసామాన్ల ఏసింది. వారం తిరగకుంటనే మా ఇంట్ల గోధుమ పేరు లేదు. మా ఇంటాయన ఫోన్ల చదివి వచ్చి నాకు చెప్పిండు:

"ఇంగువల గూడ గోధుమ ఉంటదట, ఎరికేనా?"

"ఎరికే" అన్న.

కొడుకు తేరుకున్నడు. మొఖంల రంగు వచ్చింది, అంగీలు బిగుతైనయి. వాడు కడుపు నిండ తిని లేస్తుంటె చూసి సంబురపడని తల్లి ఉంటదా? నేనూ పడ్డ.  కాని వీళ్ళకు నమ్ముడు తెల్వదని ఇన్నేండ్లు అనుకుంటి. తెలుసు. నా కోసం నమ్మలె, అంతే. మొన్న ఒక పెండ్లిల మా అత్త పదిమంది నడుమ కూసోని, "మా మనుమనికి పడదని ఇల్లంత మానేసినం" అని చెప్తుంటె అందరు ఆమెను మెచ్చుకున్నరు. కుటుంబమంటె ఇట్ల ఉండాలె అన్నరు. నేను పక్కనే ఉన్న. నా పేరు ఎవ్వరు తియ్యలె. ఇంటి కాడి నుంచి సంచిల తెచ్చుకున్న రొట్టె తీసుకోని మూలకు పోయి తిన్న.

ఇప్పుడు నా థైరాయిడ్ సక్కగనే ఉన్నది. వజన్ కొంత దిగింది, పెండ్లినాటి ఒళ్ళు రాదు, వస్తదని ఎదురుచూస్తలేను. మా ఇంటాయన తోని ఇంటి పనుల మాటలు మాట్లాడుత. ఇంట్ల గోధుమ గింజ లేకున్నా నా వంట వరండలనే. ఒకటి రెండుసార్లు, అందరం ఒక్కటే తింటున్నం గద, లోపలికి రా అన్నడు. మీరు తినేది మంచిదే, కలిపే చెయ్యే నాకు పడదు అన్న. మల్ల అడగలె.

ఈ నడుమ మా అత్తకు కండ్లు సరిగ కనపడవు. బీపీ గోలీలు, షుగర్ గోలీలు ఏవి ఎప్పుడు ఏసుకోవాలెనో తెల్వక, నన్నే ఇయ్యుమంటది. నేను పొద్దున నా గోలి మింగినంక ఆమెవి తీసి, నీళ్ళతోని ఆమె చేతుల పెడత. ఆమె అరచెయ్యి చాపి, తీసుకోని, నోట్ల ఏసుకుంటది. ఏం గోలీలని ఒక్కనాడు అడగలె.